ఎదుటివాడి మాట అప్పజెప్పే కల్లు దుకాణం

మీ మాటను కాదన్న మనిషి వాదాన్ని, అతని ఎదుటే నిలబడి, అతను "అవును, నేనన్నది ఇదే" అని తల ఊపేటట్టు మీరు ఎన్నడైనా చెప్పగలిగారా? అతన్ని ఓడించారా అని నేను అడగడం లేదు. అది మనందరికీ వచ్చు. అతని మాటను వంకర తిప్పకుండా, ఎగతాళి కలపకుండా, అతనికే తిరిగి వినిపించారా అని అడుగుతున్నాను.

నాగపూర్‌లో నేను చదువుకున్న రోజుల్లో యూనివర్సిటీ వాదన పోటీలకు పెద్ద పేరు. అక్కడ మాకు అబ్బిన కిటుకు ఒకటే. ఎదుటివాడు చెప్పిన వాటిలో అన్నిటికంటే బలహీనమైన ముక్కను పట్టుకోవాలి. అతని వాదమంతా అదే అన్నట్టు సభకు చూపించాలి. సభ నవ్విందా, కప్పు మనదే. సంఘ సంస్కరణ సభల్లోనూ అదే పద్ధతి. పురోహితుడు నోరు విప్పకముందే అతని నోట్లో ఒక మాట పెట్టి, ఆ మాటను చీల్చి చెండాడేవాళ్లం. చప్పట్లు మోగేవి. అయితే ఆ చప్పట్లకు మనసు మార్చుకున్న పురోహితుణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు.

అసలు వాదించడమంటే ఏమిటో నేను చూసిన చోటు చాందాలోని ఒక కల్లు దుకాణం. ఇప్పుడు చంద్రపూర్ అంటున్న ఊరికి అప్పటి పేరు చాందా. ఈ మాట రాయడంలో నాకు కొంత ఇబ్బంది లేకపోలేదు. కల్లుకూ సారాకూ నేను శత్రువును. ఆ రోజుల్లో మద్యనిషేధం రావాలని వ్యాసాలు రాసినవాణ్ణి. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు. తాగుడు పేదవాడి ఇంటిని తినే చెద. అయినా ఆ దుకాణాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. నిజం శత్రువు ఇంట్లో దొరికినా నిజమే.

రాష్ట్రాల గీతలు మార్చి గీస్తున్న కాలమది. మా రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో పడుకుని బొంబాయి రాష్ట్రంలో లేచింది. జిల్లా కూడా నిలకడగా లేదు. అంతకుముందు ఆదిలాబాద్. తర్వాత నాందేడ్ అన్నారు. ఆ తర్వాత చాందా అన్నారు. పొలాలు కదలలేదు, పత్తి కదలలేదు, మా మనుషుల నోళ్లలో తెలుగు కదలలేదు. కదిలింది బడి. విరూర్ దగ్గర మా పక్క ఊరి బడిలో తెలుగు తరగతులు ఎత్తేసి, వచ్చే ఏడు నుంచి అంతా మరాఠీయే అన్నారు. తెలుగులో చదివిన పిల్లలు మరాఠీ రాకపోతే మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోవాలన్నారు.

ఆ బడిలో ఒక పిల్ల ఉండేది. మూడో తరగతి ముగించి నాలుగులోకి రావలసిన పిల్ల. పంతులు పాఠం చెప్పడం పూర్తికాకముందే ప్రశ్న అడిగే రకం. వాళ్ల నాయన పత్తీ మిరపా పండించే రైతు. నాకు చుట్టం కాదు గానీ, ఊరి వరసకు మామ. ఆయన బిడ్డను బడి మాన్పించేస్తున్నానని చెప్పేశాడు. పంతులు పోయి బతిమాలాడు. వినలేదు. సెలవుకు నాగపూర్ నుంచి వచ్చిన నన్ను పంతులు పట్టుకుని, "నీకు నోరున్నది గదా, నువ్వు పొయ్యి జెప్పు" అన్నాడు. ఆ పిల్ల చదువు నిలబడుతుందా, పత్తి చేను పాలవుతుందా అన్నది ఇక నా నోటి మీద ఆధారపడింది. అలా అని నేను అనుకున్నాను.

మామ ఇంట్లో దొరకలేదు. మిరపకాయల మూటతో చాందా అంగడికి పోయాడన్నారు. అంగడి అయ్యాక సాయంత్రం రైలు దాకా ఆయన ఎక్కడుంటాడో ఊరందరికీ తెలుసు. నేనూ రైలెక్కాను.

ఆ దుకాణం కోటలోపల ఉండేది. జట్‌పురా దర్వాజా దాటి, కోటగోడ నీడ పట్టుకుని నడిస్తే వచ్చేది. దానికి వెనక గోడ కోటగోడే. మిగిలిన మూడు పక్కలా మట్టిగోడలు, పైన గూనపెంకలు. గోండు రాజు ఒకాయన వేటనుంచి వస్తూ ఇక్కడే దప్పిక తీర్చుకునేవాడని చెప్పుకునేవారు. ఏ రాజు, ఎప్పుడు అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. నేను నమ్మలేదు. కానీ లోపలి రాతి అరుగును నమ్మక తప్పలేదు. తరతరాల మనుషులు కూర్చుని లేచిన చోట అది తిరగలి రాయిలా నున్నగా అరిగి, కొద్దిగా గుంట పడి ఉంది. రాజులు ఒకసారి వచ్చిపోతే రాయి అలా అరగదు. రోజూ వచ్చేవాళ్లు అరగదీస్తారు.

గోడవారగా ఇసుకలో కుండలు గుచ్చి ఉన్నాయి. మరాఠీవాళ్లు సింది అనేవారు, మావాళ్లు ఈతకల్లు అనేవారు, కుండ ఒకటే. పుల్లటి వాసన. మోదుగాకు దొప్పలు, ఉడికిన శనగ గుడాలు. దుకాణం నడిపేది ఒక ముసలావిడ. అందరికీ ఆమె అవ్వే. తెల్లటి పొట్టి జుట్టు, చేతిలో ముంత, ఎవరి ముందూ తగ్గని గొంతు.

అందులో నన్ను మొదట ఆపింది అరుగు మీది మనుషుల వరుస. బయట ఒకరినొకరు తాకని వాళ్లు అక్కడ మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నారు. చెప్పులు కుట్టే మనిషి, పక్కన ఎడ్లున్న పెద్దకాపు, ఆ పక్కన బొగ్గుగని కూలి, బండి తోలే మరాఠీ మనిషి. గుమ్మం దాటగానే మళ్లీ ఎవరి దూరం వాళ్లదే, అదీ చూశాను. అయినా ఉపన్యాసాలతో మేం సాధించలేనిది ఆ అరుగు రోజూ ఒక సాయంత్రం పాటు సాధిస్తోంది.

మామ నన్ను చూసి జరిగి చోటిచ్చాడు.

"ఏంది అల్లుడా, నువ్వీడికి? కల్లు బంద్ జెయ్యాలె అని రాసేటోనివి!"

"కల్లు కోసం రాలే మామా. నీ కోసం వచ్చిన."

"అయితే కూసో. నన్ను బంద్ జేస్తవేమో జూద్దాం."

అందరూ నవ్వారు. నేను రైలులో సిద్ధం చేసుకున్న ఉపన్యాసం విప్పాను.

"మామా, నీ బిడ్డను బడి మాన్పిస్తున్నవంట. గది అన్యాయం. ఎందుకంటే..."

అవ్వ ముంత ఎత్తింది. "ఆగు బిడ్డా. ఆయినేమన్నడో ముందుగాల జెప్పు."

"ఎవలు?"

"నువ్వు కాదంటున్నవు గదా, గాయిన. ఆయిన మాట నువ్వు అప్పజెప్పు. ఆయిన 'గదే' అన్నంక నీ మాట జెప్పుకో. ఈడ గంతే."

"నేను తాగ అవ్వా."

"తాగకుంటే మజ్జిగ పోస్త. మజ్జిగ తాగేటోనికి గూడ గదే కాయిదా."

అవ్వ నా ముందు ఒక దొప్ప పెట్టింది. ఆ నియమం విని నాకు నవ్వొచ్చింది. ఎదుటివాడి వాదం చెప్పడం ఎంతసేపు? నేను వాదన పోటీల వాణ్ణి. గొంతు సవరించుకున్నాను.

"మామ ఏమంటుండంటే, ఆడపిల్లకు సదువెందుకు అంటుండు."

"నేనెప్పుడన్న?" అన్నాడు మామ. "మూడేండ్లు బడికి తోలింది ఎవలు మరి, నువ్వా?"

అరుగంతా గొల్లుమంది.

"సరే. సర్కారు మరాఠీ జేసింది, ఇగ తెలుగుతోని ఏం ఫాయిదా అంటుండు."

"ఫాయిదా మాట నేనెత్తలే. మిర్చి కాడ ఎత్తుత ఫాయిదా, బిడ్డ కాడ ఎందుకెత్తుత?"

"అయితే, సిన్న పోరగాండ్ల నడుమ ఒకటో తరగతిల కూసుంటే ఇజ్జత్ పోతదని..."

"గది మా ఇంటిది అంటది. నేననలే."

అవ్వ వచ్చి నా ముందున్న ఖాళీ దొప్పను బోర్లించింది. ఇక నాకు పోయడం లేదని దాని అర్థం. బండి తోలే మనిషి తొడ చరుచుకున్నాడు. "అరే బాబా, తాగకుంటనే గింత నిషా ఎక్కింది మాస్తర్‌కు! తాగితే ఎట్లుంటుండెనో!"

నాకు కోపం వచ్చింది. దొప్పను బోర్లించడమేమిటి, ఇదేం మొక్కు, ఎవరు పెట్టిన ఆచారం అని అవ్వను నిలదీశాను. ఆచారమన్న మాట వినగానే దాని జుట్టు పట్టుకోవడం నాకు అలవాటు. గోండు రాజు పెట్టిండని ఒకరన్నారు. మహంకాళి ఆన అని ఇంకొకరన్నారు. అవ్వ వాళ్లిద్దరి మాటనూ చేత్తో తోసేసింది.

"రాజు లేడు, దేవి లేదు. మా అత్త నాకు నేర్పింది, వాళ్లత్త ఆమెకు నేర్పింది. తాగినోనికి తన మాట తనకు తీపుంటది బిడ్డా. ఎదుటోని మాట చెవులకు పోదు. పక్కోని మాట మంచిగ అప్పజెప్పిండంటే సోయిల ఉన్నడు, ఇంకో దొప్ప పొయ్యొచ్చు. అప్పజెప్పలేకపోయిండంటే ఎక్కింది, ఇగ సాలు. గట్ల జూసి పోస్తం గాబట్టే ఈ అరుగు మీద ఇంతవరకు తలకాయ పగలలే."

దేవుడి పేరు లేదు, రాజు పేరు లేదు. చూడటం, పరీక్ష పెట్టడం, తేలినదాన్ని బట్టి నడుచుకోవడం. శాస్త్రమంటే ఇంతకంటే ఏముంది? మత్తును కొలవడానికి ఒక ముసలావిడ, ఆమె అత్త, ఆ అత్తకు అత్త కలిసి నిలిపిన పరీక్ష అది. ఆ పరీక్ష లెక్కన ఆ సాయంత్రం ఆ దుకాణంలో అందరికంటే ఎక్కువ మత్తులో ఉన్నవాణ్ణి నేను. వాదన పోటీల్లో కప్పులు గెలిచేవాళ్లందరం అంతే, మజ్జిగ తాగి ఊగేవాళ్లం. తలుచుకుంటే నవ్వాగలేదు. నేను నవ్వేసరికి అవ్వ కూడా నవ్వింది.

"మామా, నువ్వే జెప్పు. ఈసారి మంచిగ ఇంట" అన్నాను.

మామ దొప్ప కింద పెట్టాడు.

"నైజాం కాలంల మా నాయిన నన్ను ఉర్దూ బడిల ఏసిండు. మూడు జమాతులు సదివిన. మౌల్వీసాబ్ నా రాత జూసి శభాష్ అన్నడు. ఊర్లె ఎవలికి కాయితమొచ్చినా నా కాడికే తెస్తుండిరి. గా సర్కారు పాయె. ఉర్దూ కాయితం వచ్చుడు బందయ్యింది. నా కండ్లల్ల అక్షరాలున్నయి అల్లుడా, సదవనీకె కాయితం లేదు. నా అక్షరాలు నా కండ్ల ముంగటనే సచ్చిపోయినయి."

మామ నావైపు తిరిగి కూర్చున్నాడు.

"నా బిడ్డకు తెలుగు నేర్పిచ్చిన. విరూర్ టేషన్ల అది బోర్డు సదువుతుంటే నా కడుపు నిండేది. గిప్పుడు గా అక్షరాలు గూడ సచ్చినయంటున్నరు. రేపు మరాఠీ నేరుస్తది. ఎల్లుండి ఏ సర్కారొస్తదో, గవి గూడ సంపుతదేమో. సచ్చిన అక్షరం కండ్లల్ల వెట్టుకొని తిరుగుడు ఎట్లుంటదో నాకెరుక. నా బిడ్డకు గా దుఃఖం ఎందుకు?"

నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసంలో స్త్రీ విద్య ఉంది, మాతృభాష ఉంది, ప్రగతి ఉంది. ఈ మాటకు జవాబు మాత్రం అందులో ఎక్కడా లేదు. ఉండే వీలూ లేదు, ఎందుకంటే ఈ ప్రశ్న ఉందనే నాకు తెలియదు.

మెల్లగా మొదలుపెట్టాను. "మామ అంటుండు... సదువు మీద నాకు కోపం లేదు. సదివిన సుఖం నాకెరుక, గది గుంజుకుంటే ఎట్లుంటదో గూడ ఎరుక. సర్కార్లు మారినప్పుడల్ల అక్షరాలు సస్తున్నయి. మల్ల సచ్చేటిదాన్ని నా బిడ్డ చేతుల పెట్ట."

మామ తల ఊపాడు. "గదే" అన్నాడు.

అవ్వ నా దొప్పను మళ్లీ వెల్లకిలా పెట్టి మజ్జిగ పోసింది. నేను గెలుచుకున్న ఏ కప్పూ నాకు అంత తృప్తినివ్వలేదు.

ఇక నా వంతు. చెప్పడానికి కొత్త మాట వెతుక్కోవలసి వచ్చింది.

"మామా, అక్షరాలు సావలే. ఒక తీరు నేర్చినోనికి రెండో తీరు అల్కగ వస్తది. నువ్వు ఉర్దూ నేర్చినవు గాబట్టి తెలుగో మరాఠో ఇంకింత జల్ది నేరుస్తుండె. గని నీకు గా రెండోది సూపించేటోడు దొర్కలే. గంతే జరిగింది."

"జవాబియ్యకు. అప్పజెప్పు" అంది అవ్వ మామతో. కాయిదా ఆయనకూ ఒకటే.

మామ తల గోక్కున్నాడు. "అల్లుడేమంటుండంటే, ఉర్దూ పోయినంక నేను ఇంకోటి నేర్వకపాయె, గది నా తప్పు అంటుండు."

"గాదు మామా. తప్పన్నోడు ఎవలు?"

"అయితే... అక్షరాలు మల్ల లేస్తయి అంటుండు."

"గాదు. అవి సావనే లేదు అంటున్న."

"ఓరి నీ!" అన్నాడు పెద్దకాపు. "మామకు గూడ ఎక్కినట్టున్నది. అవ్వా, దొప్ప బోర్లియ్యి!"

"నువ్వూకో" అని మామ కళ్లు మూసుకున్నాడు. ఒక్కొక్క మాటా చేత్తో తడుముతున్నట్టు అన్నాడు. "నాకు వచ్చిన సదువు ఏడికి పోలే అంటుండు. గది లోపట ఉన్నది. కొత్త తొవ్వ సూపించేటోడు... నా కాడికి ఎవలు రాలే అంటుండు."

"గదే మామా."

ఆయన కళ్లు తెరిచాడు. నా వాదాన్ని నేను చెప్పినప్పుడు ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. తన నోటితో తాను చెప్పుకున్నప్పుడు మారింది. మనిషిని ఒప్పించేది మన గొంతు కాదు, అతని సొంత గొంతే. ఈ ఒక్కటి తెలిసి ఉంటే మన సంస్కరణ సభలు సగం ఉపన్యాసాలు మానేసి ఉండేవి.

"మరి నా బిడ్డకు ఎవలు సూపిస్తరు?" అన్నాడు.

అరుగు మీది తలలన్నీ నావైపు తిరిగాయి. ఆ వేసవిలో నేను ఊరూరా తిరిగి మద్యనిషేధం మీద, మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలివ్వాలని మిత్రులతో ఏర్పాటు చేసుకున్నాను. వరోరాలో మొదటి సభ. తెలుగు పంతులుకు మరాఠీ రాదు. ఊళ్లో మరాఠీ చదవగలిగి, సెలవులో ఖాళీగా ఉండగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

"నేను సూపిస్త."

"అప్పజెప్పి జెప్పు!" అని బండి తోలే మనిషి అరిచాడు.

"నా బిడ్డకు తొవ్వ ఎవలు సూపిస్తరు అని మామ అడుగుతుండు. నేను సూపిస్త."

"గదే" అన్నాడు మామ. వెంటనే వేలెత్తాడు. "గని తెలుగు ఇడువొద్దు. బడిల ఉన్నా లేకున్నా. ఒకటి సంపి ఇంకోటి నేర్పుడు నాకొద్దు."

"పొద్దుగాల మరాఠీ, మాపటీలి తెలుగు."

బండి తోలే మనిషి తన కొడుకు చదివేసిన మరాఠీ వాచకం ఇంట్లో ఊరికే పడి ఉందని, మరుసటి అంగడికి తెచ్చిస్తానని అన్నాడు. తెచ్చిచ్చాడు కూడా.

వరోరా సభ నేను లేకుండానే జరిగింది. నేను వేసవంతా మామ ఇంటి చూరు కింద కూర్చున్నాను. మరాఠీ అక్షరాలు చూడగానే ఆ పిల్ల నవ్వింది. "ఇవన్ని దండెం మీద ఆరేసినట్టున్నయి" అంది. నిజమే, పైన గీత, కింద వేలాడే బట్టలు. ఆ తర్వాత ఆమె ఏ అక్షరమూ మరచిపోలేదు. ఇది చొక్కా, ఇది ధోతి అంటూ పట్టేసింది. మాపటివేళ తెలుగు చదివేటప్పుడు మామ కాస్త దూరంగా కూర్చుని మిరప తొడిమలు తీస్తూ వినేవాడు. ఒక రోజు ఆ పిల్ల, "నాయినా, నీ అక్షరాలెట్లుంటయి?" అని అడిగింది. ఆయన చెయ్యి ఆగింది. లేచి పొయ్యిలోంచి ఒక బొగ్గు తెచ్చి, గోడ మీద కుడి నుంచి ఎడమకు ఆమె పేరు రాశాడు. మౌల్వీసాబ్ శభాష్ అన్నది ఊరికే కాదు. అంత అందమైన రాత నేను నాగపూర్‌లో కూడా చూడలేదు. ఆ పిల్ల దాని కింద అదే పేరు తెలుగులో, మరాఠీలో రాసింది. ఆ గోడకు ఆ ఏడు సున్నం వేయనివ్వలేదు మామ.

బడి తెరిచినప్పుడు హెడ్‌మాస్టరు వాచకం తెరిచి ఆమె చేత చదివించి, నాలుగో తరగతిలో కూర్చోబెట్టాడు. తెలుగు తరగతులు మాత్రం పోయాయి. వాటిని ఎవరమూ ఆపలేకపోయాం. ఆమెతో చదివినవాళ్లలో కొందరు బడి మానేశారు. ఇవాళ మా సరిహద్దు ఊళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు నిండుగా ఉన్నారు, తెలుగు చదవగలిగేవాళ్లను వెతుక్కోవాలి. ఇది ఎవరూ దాచలేని నష్టం.

మద్యనిషేధం మా వైపుకూ వచ్చింది. నేను కోరిందే. కోటగోడ కింద తలుపు మూసేశారు. అవ్వ ఆసిఫాబాద్ వైపు తన వాళ్ల దగ్గరికి పోయిందని విన్నాను. కుండలు పోయినందుకు నాకు విచారం లేదు. కానీ ఆ కాయిదాను ఎవరూ బయటికి తెచ్చుకోలేదు, అదీ నా బాధ. తర్వాత భాషల పేరిట ఎన్ని సభలు చూశాను! ఏ పక్షమూ ఎదుటి పక్షం మాటను ఒక్కసారైనా సరిగ్గా చెప్పగా వినలేదు. ఆ సభల్లో ఎవరూ తాగి ఉండరు. అవ్వ ఉంటే వేదిక మీద అందరి దొప్పలూ బోర్లించేది.

ఎవరూ తెచ్చుకోలేదన్నాను, ఒక్కరున్నారు. ఏళ్ల తర్వాత మామ ఇంటికి పోయాను. ఆ పిల్ల పెద్దదై, తన పిల్లలకు తెలుగు తనే నేర్పుతోంది. మాటల్లో ఏదో విషయం మీద నేను ఆమెతో విభేదించి, అలవాటు కొద్దీ గొంతు పెంచాను. ఆమె జొన్నరొట్టె తిప్పుతున్న చెయ్యి ఆపి, "బావా, నేనేమన్ననో ముందుగాల జెప్పు" అంది. లోపలినుంచి ముసలి మామ నవ్వు వినిపించింది. నేను చెప్పాను. రెండుసార్లు "గాదు" అంది. మూడోసారి "గదే" అని, రొట్టె నా పళ్లెంలో వేసింది.

చదువరీ, మీ ఎదుట కూడా ఎవరో ఒకరున్నారు. మీరు పలకరించడం మానేసిన అన్నో, మీరు మూర్ఖుడనుకునే పొరుగువాడో, మీరు చదవకుండానే చించేసిన కరపత్రం పంచిన పక్షంవాడో. వారికి కల్లు పోయకండి. మజ్జిగ పోయండి. కూర్చోబెట్టి, వారి మాట వారికి అప్పజెప్పండి. వారు "గదే" అనేదాకా మీ మాట ఎత్తకండి. రేపు కాదు, ఇవాళే. లేవండి, పొండి.